ముక్క మానేశాక చుట్టపక్కాలతో ఎలా నెగ్గుకురావాలి

ముక్క లేనిదే ముద్ద దిగని ఇంట్లో పుట్టి, పెద్దయ్యాక ‘ఇక నేను తినను’ అని నిర్ణయించుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీ కారణం మూగజీవాల మీద జాలి కావచ్చు, ఒంటికి పడకపోవడం కావచ్చు, మరేదైనా కావచ్చు. నేనూ తెలంగాణలో అలాంటి ఇంట్లోనే పుట్టాను. మాంసం మానడం ఒక ఎత్తయితే, మానేశాక చుట్టూ ఉన్నవాళ్ల అలకలు, ఆరాలు, ఎగతాళి తట్టుకోవడం ఇంకో ఎత్తు. చాలామంది ఈ రెండో దానికే విసిగిపోయి, ‘ఎందుకొచ్చిన గొడవ’ అనుకుని మళ్లీ మొదలుపెడతారు.

2014లో కేంద్ర ప్రభుత్వం చేసిన శాంపిల్ రిజిస్ట్రేషన్ బేస్‌లైన్ సర్వే ప్రకారం తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లు దాటినవాళ్లలో 98 శాతానికి పైగా మాంసాహారులే. ఆ సర్వేలో దేశం మొత్తమ్మీద మొదటి స్థానం తెలంగాణదే. అయినా శాకాహారం మనవాళ్లకు తెలియనిదేం కాదు. శనివారం తినరు, కార్తీకమాసం తినరు, అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు తినరు. మాల వేసుకున్న మనిషి ఇంటికొస్తే గిన్నెలు వేరుగా తోమి, స్నానం చేసి మరీ వండిపెడతారు. కులం వల్ల తిననివాళ్లు తెలుసు, మొక్కు వల్ల తిననివాళ్లు తెలుసు, డాక్టర్ వద్దన్నందుకు తిననివాళ్లు తెలుసు. తనంతట తాను, జీవితాంతానికి మానేసినవాళ్లనే ఎక్కడ పెట్టాలో తెలియదు. అందుకే ‘మా ఇంట్లో తినడానికి నామోషీ కాబోలు’ అనుకుంటారు. మన దగ్గర వండి పెట్టడమంటే మనిషిని దగ్గరికి తీసుకోవడం కదా, పెట్టింది వద్దంటే తననే వద్దన్నట్టు అనిపిస్తుంది. మీరు వద్దన్నది ఆ కూరనే, వాళ్లను కాదని వాళ్లకు తెలిసేలా చేయాలి. కింద రాసినవన్నీ దానికోసమే.

1. మీ గీత ఎక్కడో ముందు మీరే తేల్చుకోండి

ఎవరికీ చెప్పకముందే కొన్ని ప్రశ్నలకు జవాబు ఖాయం చేసుకోండి. గుడ్డు తింటారా? కేకులో గుడ్డు ఉంటే? మటన్ వండిన గిన్నె కడిగి అందులోనే మీకు పప్పు వండితే తింటారా? చికెన్ పకోడీ వేసిన నూనెలో వేసిన మిరపకాయ బజ్జీ సంగతేమిటి? ముక్కలు తీసేసిన పులుసు?

ఇందులో ఒప్పు తప్పులు చెప్పడం నా పని కాదు. కానీ ఒకరింట్లో గుడ్డు తిని, ఇంకొకరింట్లో వద్దంటే ఆ రెండో ఇంటివాళ్లు నొచ్చుకుంటారు, అందులో న్యాయం ఉంది. గీత ఎక్కడైనా గీయండి, అందరి దగ్గరా అదే గీత ఉండాలి. నా మటుకు నేను గిన్నె గురించి అడగను, గరిటె గురించి అడుగుతాను. కడిగిన గిన్నెతో నాకు పేచీ లేదు, కోడికూరలో ముంచిన గరిటె పప్పులో పెడితే మాత్రం ఆ పప్పు తినను. ఇలా ఎంత చిన్న విషయమైనా ముందే అనుకుని ఉంటే, అక్కడికక్కడ తడుముకోనక్కర్లేదు.

ప్యాకెట్ సరుకులకైతే గుర్తు చూడండి. ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం. మాంసాహారానికి ఇదివరకు గోధుమరంగు చుక్క ఉండేది, ఇప్పుడు గోధుమరంగు త్రిభుజం పెట్టారు. రంగులు సరిగ్గా కనిపించనివాళ్లకూ తేడా తెలియాలని ఆ మార్పు. గుడ్డు ఉన్నవాటికి కూడా త్రిభుజమే ఉంటుంది. మందుల క్యాప్సూల్ గొట్టాలు ఎక్కువగా జెలటిన్‌తో చేస్తారు, అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. మీకు అదీ పట్టింపైతే డాక్టర్‌ను మాత్ర రూపంలో అదే మందు ఉందేమో అడగండి. లేకపోతే క్యాప్సూలే వేసుకోండి, మందు మానకండి.

2. ఒకే ఒక్క వాక్యం తయారుగా ఉంచుకోండి

‘నేను మాంసం మానేశానండి, మిగతావన్నీ కడుపునిండా తింటాను.’ ఇంత చాలు. రెండో సగం ముఖ్యం. ‘తినను’ అన్న మాట దగ్గర ఆగితే ఎదుటివాళ్లకు తలుపు వేసినట్టు ఉంటుంది. ‘మీ ఇంటి చింతకాయ పచ్చడి ఉందా?’ అని అడిగితే వాళ్లకు చేయడానికి ఒక పని దొరుకుతుంది.

అబద్ధం చెప్పకండి. ‘మొక్కుకున్నాను’ అంటే మొక్కు ఎప్పుడు తీరుతుందని అడుగుతారు. ‘డాక్టర్ వద్దన్నాడు’ అంటే ఏ జబ్బు, ఎవరికి చూపించారు, ఫలానా డాక్టర్ దగ్గరికి వెళ్లండి అని మొదలవుతుంది, పైగా ఇంట్లో పెద్దవాళ్లకు టెన్షన్. అబద్ధానికి గడువు ఉంటుంది, మీ నిర్ణయానికి గడువు లేదు.

కారణం అడిగితే చెప్పండి, కానీ అన్నం ముందు కాదు. ఎదుటివాళ్లు కోడికాలు పట్టుకుని ఉన్నప్పుడు కోళ్లఫారాల్లో ఏం జరుగుతుందో చెప్తే, అది జవాబులా కాదు, తిట్టులా వినిపిస్తుంది. ‘తిన్నాక మాట్లాడుకుందాం’ అనండి. నిజంగా తెలుసుకోవాలనుకున్నవాళ్లు తర్వాత అడుగుతారు, అప్పుడు దాచుకోకుండా మనసులో ఉన్నదంతా చెప్పండి. గాంధీ 1931 నవంబరు 20న లండన్‌లో శాకాహారుల సంఘం ముందు మాట్లాడుతూ, పొద్దస్తమానం తిండి గురించీ రోగాల గురించీ మాట్లాడేవాళ్ల వల్ల శాకాహారం పెరగదని, పక్కవాళ్లను మార్చాలంటే సహనం, కాస్త వినయం కావాలని చెప్పాడు. ఆరోగ్యం కోసమే మానినవాళ్లు ఎక్కువకాలం నిలబడలేకపోయారని, లోపల ఒక నైతిక కారణం ఉన్నవాళ్లే నిలబడ్డారని కూడా అన్నాడు. ఆ రెండో మాట మనకోసం మనం గుర్తుపెట్టుకోవాల్సింది. కారణం లోపల గట్టిగా ఉంటే బయట గొంతు పెంచాల్సిన అవసరం ఉండదు.

3. ఇంట్లో అమ్మతో మొదలుపెట్టండి

అందరికంటే కష్టం ఇక్కడే. మీకు ఇష్టమని ఆదివారం పొద్దున్నే లేచి మసాలా నూరిన మనిషికి, ఇక అది వద్దని చెప్పాలి. ఫోన్లో చెప్పకండి, వండి వడ్డించాక అసలే చెప్పకండి. ఒక మామూలు రోజు, వంట మొదలుపెట్టకముందు, పక్కన కూర్చుని చెప్పండి.

ఆ వెంటనే ఏం వండాలో కూడా చెప్పండి. అమ్మకు అసలు బెంగ పిల్లలు ఇంటికొస్తే ఏం పెట్టాలన్నదే. గుత్తివంకాయ, మీల్‌మేకర్ మసాలా, పుట్టగొడుగుల వేపుడు, పనసకాయ బిర్యానీ, సర్వపిండి, ఆలు కుర్మాతో బగారా అన్నం, ఇలా మీకు నిజంగా నచ్చేవి పది చెప్పండి. వాటిలో సగం మీరే నేర్చుకుని ఒకరోజు అందరికీ వండి పెట్టండి. మటన్‌కు వాడే మసాలాయే వేసి, అంతే ఓపికగా ఉల్లిగడ్డలు ఎర్రగా వేయించి మీల్‌మేకర్ చేస్తే, నాన్న కూడా ఇంకో గరిటె వేయించుకుంటాడు. వేడినీళ్లలో నానబెట్టాక మీల్‌మేకర్‌ను గట్టిగా పిండి, ఇంకోసారి చల్లనీళ్లలో కడిగి మళ్లీ పిండాలి. ఆ పచ్చివాసన పోవడానికి అదే మార్గం. చాలా ఇళ్లలో మీల్‌మేకర్ అంటే మొహం తిప్పుకోవడానికి కారణం ఈ రెండోసారి పిండకపోవడమే.

ఇంట్లో వంట మీదే అయితే, ముఖ్యంగా ఆడవాళ్లకు, ఇంకో చిక్కు ఉంది. ‘తినకపోతే మానె, మాకైతే వండు’ అంటారు. తాము ముట్టకపోయినా ఇంటిల్లిపాదికీ మాంసం వండే ఆడవాళ్లు మన దగ్గర ఎందరో ఉన్నారు. వండగలిగితే వండండి, అందులో మీ నిర్ణయానికి వచ్చే లోటు లేదు. వండలేకపోతే పని పంచుకోండి: అన్నం, పప్పు, చారు, మసాలా నూరడం మీరు చేయండి, మాంసం కడగడం, వండడం తినేవాళ్లలో ఒకరు చేయాలి. భర్తకు ఆదివారం ఒక్కపూట కూర వండడం రాకపోతే నేర్చుకోమనండి. ఇది మొదటి నెలలోనే చెప్పాలి, ఏడాది పాటు పళ్లబిగువున వండి ఒకరోజు బద్దలైతే ఎవరికీ అర్థం కాదు.

4. ‘బలం ఎట్లా వస్తది?’ అన్నదానికి పళ్లెంలోనే జవాబు ఉంచండి

ఈ ప్రశ్న వేసేవాళ్లలో ఎక్కువమంది ప్రేమతోనే వేస్తారు. కొట్టిపారేయకండి, లెక్క తెలుసుకోండి. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం పెద్దవాళ్లకు శరీర బరువులో కేజీకి రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఎక్కువగా అన్నం, రొట్టెల మీద బతికేవాళ్లు కేజీకి ఒక గ్రాము లెక్క వేసుకోవడం మంచిది. అంటే 60 కేజీల మనిషికి 60 గ్రాములు.

అది ఎలా వస్తుందో చూడండి. వండకముందు తూకంలో 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. శనగల్లో 19, 20 దాకా, పల్లీల్లో 24 దాకా, ఎండు మీల్‌మేకర్‌లో 50 దాకా ఉంటుంది. రోజుకు 50 గ్రాముల పప్పు, గుప్పెడు శనగల గుగ్గిళ్లు, గుప్పెడు పల్లీలు, రెండు గ్లాసుల పాలో పెరుగో, పావుకేజీ బియ్యం అన్నం, ఇవన్నీ కలిపితే 60 గ్రాములకు దగ్గరగా వస్తుంది. పప్పును నీళ్లచారులా చేసి, ఒక గరిటె పోసుకుని ‘పప్పు తిన్నాను’ అనుకుంటే రాదు. మాంసం మానేశాక మనలో చాలామంది చేసేది ఇదే: ముక్కలు పోయి ఆలుగడ్డ వేపుడు వచ్చి చేరుతుంది. అప్పుడు నీరసం వస్తే తప్పు శాకాహారానిది కాదు, పళ్లేనిది.

బీ12 విటమిన్ విషయంలో మాత్రం మొండితనం వద్దు. అది మొక్కల నుంచి సరిపడా దొరకదు. పాలు, పెరుగులో కొంత ఉంటుంది. వాటిని కూడా మానినవాళ్లు మాత్ర వేసుకోక తప్పదు. అరికాళ్లు తిమ్మిర్లు, విడవని అలసట ఉంటే రక్తపరీక్ష చేయించుకోండి. గర్భిణులు మొదటి చెకప్‌లోనే డాక్టర్‌కు తమ తిండి సంగతి చెప్పాలి. ఐరన్ కోసం తోటకూర, పప్పులు తింటూ నిమ్మకాయ పిండుకోండి, అన్నం తిన్న వెంటనే టీ తాగకండి. ‘నాకు అన్నీ వస్తాయి’ అని వాదించేకంటే, ఒకసారి రక్తపరీక్ష రిపోర్టు తెచ్చి అమ్మ చేతిలో పెడితే ఆ ఇంట్లో ఈ ప్రశ్న చాలావరకు తగ్గుతుంది.

5. దావత్‌కు వెళ్లండి, మానకండి

శాకాహారి అయ్యాక చాలామంది దావత్‌లు ఎగ్గొట్టడం మొదలుపెడతారు. అక్కడే మనుషులు దూరమవుతారు. మన దగ్గర ఇది ఎంత పెద్ద విషయమంటే, 2023 చివర్లో నిశ్చితార్థం విందులో నల్లిబొక్క వడ్డించలేదని నిజామాబాద్ అమ్మాయి, జగిత్యాల అబ్బాయి పెళ్లి ఆగిపోయిందని పేపర్లలో వచ్చింది. అంత పట్టింపు ఉన్నచోట మీరు అసలు రాకపోవడం, వచ్చి పప్పన్నం తినడంకంటే ఎక్కువ గుచ్చుకుంటుంది.

దగ్గరివాళ్ల ఇల్లయితే ముందురోజే ఫోన్ చేసి ‘నాకోసం వేరే ఏం చేయొద్దు, ఇంత పప్పు, పెరుగు ఉంటే చాలు’ అనండి. ఫంక్షన్ హాల్ అయితే తొందరగా తినేయండి. శాకాహారం బల్ల చిన్నగా ఉంటుంది, మొదటి బంతి అయ్యేసరికి అక్కడి గరిటెలు అక్కడివి కాకుండా పోతాయి. బంతిలో కూర్చుంటే బకెట్ మీ వరుసలోకి రాకముందే వడ్డించే అబ్బాయికి వినపడేలా ఒకసారి చెప్పండి, వచ్చినప్పుడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టండి. ఆ హడావుడిలో మూతి విరవకండి, వాసన పట్టనట్టు పక్కకు జరగకండి. పక్కన కూర్చున్న మామ అన్నీ చూస్తుంటాడు.

ఇక ఇళ్లలో ప్రతిసారీ వచ్చే మాట ఒకటుంది: ‘ముక్కలు పక్కకు పెట్టి పులుసన్నా పోసుకోరాదు బిడ్డా.’ దీనికి కోప్పడితే పెద్దమ్మ కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ‘పెద్దమ్మా, నీ చేతి పచ్చిపులుసు ఉంటే నాకు ఇంకేం వద్దు, ఇంకో గంటె పొయ్యి’ అని కంచం ముందుకు జరపండి. పోసినదంతా తినండి, ఇంకోసారి అడగండి. వద్దన్నమాట ఒకసారి వింటే, పెట్టమన్నమాట రెండుసార్లు వినాలి. నాకు తెలిసినంతలో దీన్ని మించిన ఉపాయం లేదు.

కోస్తా వైపు వెళితే ఇంకో జాగ్రత్త. బీరకాయ, సొరకాయ, గోంగూర, చింతచిగురు కూరల్లో ఎండురొయ్యలు వేస్తారు. వాళ్ల లెక్కలో అది కూరగాయే, మోసం కాదు. ‘బీరకాయలో ఏమేశారత్తా?’ అని గరిటె పడకముందే నవ్వుతూ అడగండి. హైదరాబాద్‌లో దాల్చాలో మాంసం ఉండటం మామూలు, పప్పే కదా అని పోసుకోకండి.

పొరపాటున నోట్లోకి వెళ్లిందా? మెల్లగా పక్కకు తీసి, నీళ్లు తాగి, మిగతా భోజనం కానివ్వండి. తర్వాత ఇంటావిడకు ఒంటరిగా చెప్పండి. కావాలని పెట్టి ‘తిన్నావుగా, ఏమైంది?’ అని నవ్వేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లకు మాత్రం నలుగురిలోనే, గొంతు పెంచకుండా చెప్పండి: ‘ఇది సరదా కాదు, మళ్లీ చేయొద్దు.’ ఇంకోసారి చేస్తే ఆ ఇంట్లో మంచినీళ్లు తాగి వచ్చేయండి. సర్దుకుపోవడానికీ ఒక హద్దుంది.

6. పండగలకు ముందే దారి వెతుక్కోండి

బోనాలప్పుడు ‘అమ్మవారి ప్రసాదం కాదంటావా?’ అన్న మాట దగ్గర చాలామంది లొంగిపోతారు. అసలు బోనంలో ఉండేది అన్నమే: పాలు, బెల్లం వేసి వండిందో, పెరుగన్నమో, పసుపన్నమో. ‘నాకు బోనంలోది పెట్టండి’ అని అడిగి కళ్లకద్దుకుని తినండి. యాట కూర వద్దన్నారన్న మాట అక్కడ ఇక నిలబడదు. సంక్రాంతిలో కనుమనాడు మినుము తినాలంటారు కాబట్టి గారెలు ఎలాగూ ఉంటాయి, ముక్కనుమ నాడు కాస్త ఓర్చుకోవాలి. మృగశిర కార్తెకు చేపలు తినాలన్న పట్టుదల ఎంత ఉన్నా, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేపప్రసాదం పంచేచోట శాకాహారులకు ఆ మందును చేపలో కాకుండా బెల్లంలో పెట్టి ఇవ్వడం ఎప్పటినుంచో ఉంది. ఎవరైనా బలవంతం చేస్తే ఆ సంగతి చెప్పండి.

ముస్లిం స్నేహితులు ఈద్‌కు పిలిస్తే తప్పకుండా వెళ్లండి. షీర్‌ఖుర్మా పాలు, సేమ్యా, ఖర్జూరంతో చేసేదే, ఖుబానీ కా మీఠా సరేసరి. ముందే తెలిస్తే వాళ్లు మీకోసం బగారా బైంగన్ చేసి పెడతారు.

7. ‘మీరు బ్రాహ్మలా? వైశ్యులా?’

ఈ ప్రశ్న తప్పదు. మీరు ఎలా జవాబిస్తారన్నది మిగతా అన్నిటికంటే ముఖ్యం. మన దగ్గర శాకాహారం అనగానే కులం గుర్తొస్తుంది, దానికి కారణం ఉంది. ఏం తింటారో అడిగి ఇల్లు అద్దెకు ఇవ్వనివాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు. డబ్బాలో కూర చూసి పక్కబెంచీకి జరిగినవాళ్లను చిన్నప్పుడు బడిలో చూసినవాళ్లుంటారు. అలాంటి అవమానం పడ్డ మనిషి చెవికి మీ ‘నేను తినను’ అన్న మాట ‘నేను నీకంటే పైన’ అన్నట్టు వినపడొచ్చు. 2024 మార్చిలో జొమాటో శాకాహారుల ఆర్డర్లకు ఆకుపచ్చ డ్రెస్సులో వేరే డెలివరీ మనుషులను పెడతామని ప్రకటిస్తే ఎంత గొడవ అయిందో చూశాం. ఎర్రడ్రెస్సు వాళ్లను మాంసం తెచ్చేవాళ్లుగా గుర్తుపట్టి అపార్ట్‌మెంట్లలోకి రానివ్వరన్న భయంతో మర్నాడే ఆ ఆకుపచ్చ డ్రెస్సును వెనక్కి తీసుకున్నారు.

కాబట్టి ‘శుద్ధ’, ‘ప్యూర్’ అన్న మాటలు మీ నోట రానివ్వకండి. ‘నీసు కంపు’ అనకండి. తినేవాళ్ల పక్కనే కూర్చుని తినండి. కులం అడిగితే ‘మా ఇంట్లో అందరూ తింటారండి, నేనొక్కడినే మానేశాను’ అని చెప్పి ఊరుకోండి. మీ కులం పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం, చెప్పాల్సిన బాధ్యతైతే లేదు.

రెండోవైపు నుంచి కూడా ఒక మాట వస్తుంది. పుట్టుకతో శాకాహారులైన పరిచయస్తులు మెచ్చుకోలుగా ‘మంచి పని చేశావ్, మాలో కలిసిపోయావ్’ అంటారు. పొగడ్తలా ఉంటుంది కానీ లోపల మీ అమ్మానాన్నలను తక్కువ చేయడం ఉంటుంది. అక్కడ నవ్వి ఊరుకోవద్దు. ‘నేను మానింది మాంసాన్ని, మా వాళ్లను కాదు’ అని మర్యాదగా చెప్పండి. ఈ మాట మీరు అన్నారని ఎప్పుడో మీ ఇంటివాళ్ల చెవిన పడితే, ఏళ్ల తరబడి ఉన్న అనుమానం కూడా కరిగిపోతుంది.

8. ఎగతాళికి, వాదనకు తేడా చూడండి

‘స్వామీ’ అని పిలవడం, ‘గడ్డి తింటున్నావా’ అనడం ఎగతాళి. దానికి జవాబు చెప్పకుండా నవ్వేస్తే కొన్నాళ్లకు వాళ్లకే విసుగొస్తుంది. ‘మగాడివై ఉండి పప్పు తింటావా’ అన్నా అంతే.

‘మొక్కలకు ప్రాణం లేదా? జగదీశ్ చంద్రబోస్ చెప్పలేదా?’ అన్నది వాదన. చిన్నగా చెప్పండి: మొక్కకు ప్రాణముంది, కానీ నొప్పి తెలిసే మెదడు, నరాలు దానికి లేవు. పైగా కోడి, మేక పెరగాలన్నా మొక్కలే తినాలి, నేను నేరుగా తింటే చచ్చే మొక్కలూ తక్కువే. అక్కడితో ఆపేయండి. ‘మరి పాలు తాగుతావుగా?’ అంటే అది సరైన ప్రశ్నే, మీ గీత ఎక్కడుందో అంతవరకు నిజాయితీగా చెప్పండి. అన్నిటికీ గెలిచే జవాబు ఉండాలని లేదు.

9. ఆఫీసులో

హైదరాబాద్ ఆఫీసుల్లో టీమ్ లంచ్ అంటే బిర్యానీ. హోటల్ ఖాయం కాకముందే ఏర్పాట్లు చూసే మనిషికి మెసేజ్ పెట్టండి, రెండు హోటళ్ల పేర్లు మీరే సూచించండి. బిల్లు సమానంగా పంచేటప్పుడు మీ వెజ్ పులావ్‌కు వాళ్ల కబాబ్ ప్లేట్ల వాటా కూడా పడుతుంది. అప్పుడప్పుడూ అయితే వదిలేయండి, వారం వారం అయితే ‘నాది నేను విడిగా ఇస్తాను’ అని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి, బిల్లు వచ్చాక కాదు. చైనీస్ వంటల్లో ఆయిస్టర్ సాస్, థాయ్ వంటల్లో చేపల సాస్ ఉంటాయి, అడిగి తెప్పించుకోండి.

విదేశీ ప్రయాణమైతే విమానం టికెట్‌లో భోజనం ఎంచుకునేటప్పుడు ‘హిందూ మీల్’ అని ఉన్నది పెట్టకండి. హెచ్ఎన్ఎంఎల్ (హిందూ నాన్‌వెజ్ మీల్) కోడ్‌తో ఉండే దానిలో కోడి, చేప ఉండొచ్చు. మనకు కావాల్సింది ఏవీఎంఎల్ (ఏషియన్ వెజిటేరియన్ మీల్), కనీసం ఒకరోజు ముందు చెప్పాలి. అక్కడికి వెళ్లాక ‘వెజిటేరియన్’ అంటే చేప తింటారనుకునేవాళ్లుంటారు, ఏవేవి తినరో ఒక్కొక్కటిగా చెప్పండి.

10. పెళ్లి సంబంధాల దగ్గర

పెళ్లిచూపుల్లోనే చెప్పండి, పెద్దల ద్వారా కాదు, నేరుగా ఆ అబ్బాయికో అమ్మాయికో. తినకపోవడం ఒక్కటే చెప్తే చాలదు. ఇంట్లో వండడానికి ఒప్పుకుంటారా, పిల్లలకు పెట్టడంపై ఏమనుకుంటున్నారు అన్నవి కూడా మాట్లాడుకోండి. ‘పుస్తెలమ్మైనా పులస తినాలి’ అనే గోదావరి వైపు అల్లుడిగా వెళ్తుంటే, మొదటి పండక్కి ముందే మీ భార్య చేత అత్తగారికి చెప్పించండి. అల్లుడికి మర్యాద తక్కువైందన్న మాట రాకుండా ఆవిడ పనసపొట్టు కూర, కంద బచ్చలి, పూతరేకులతో బల్ల నింపేస్తుంది. చెప్పకుండా వెళ్లి, బల్ల మీద పదిరకాల చేపలు, మాంసం చూశాక వద్దంటే ఆ వంటింట్లో రెండ్రోజుల కష్టం నీళ్లపాలవుతుంది.

పిల్లల విషయంలో భార్యాభర్తలు ఒక మాట మీద ఉండండి. అంగన్‌వాడీలో గుడ్డు ఇస్తారు, నాయనమ్మ ముక్క పెడతానంటుంది. మీ ఇద్దరి నిర్ణయం ఏదైనా, పిల్లల ముందు నాయనమ్మతో గొడవ పడకండి.

11. ఫంక్షన్ మీదైనప్పుడు

గృహప్రవేశం నాడు ఎలాగూ శాకాహారమే. పుట్టినరోజు, రిసెప్షన్ దగ్గరే పరీక్ష. మీ డబ్బుతో మాంసం పెట్టించడం మీకు ఇష్టం లేకపోతే పెట్టొద్దు, కానీ పిలిచేటప్పుడే ‘భోజనం శాకాహారమే, తప్పకుండా రావాలి’ అని చెప్పండి. వచ్చాక తెలిస్తే మోసపోయినట్టు అనుకుంటారు. ఖర్చు తగ్గించారన్న మాట రాకూడదు. మటన్‌కు అయ్యేంత డబ్బు వంటల మీదే పెట్టండి: పనసకాయ బిర్యానీ, పుట్టగొడుగుల పకోడీ, గుత్తివంకాయ, వేడివేడిగా పెనం మీద నుంచి రొట్టెలు, రెండు రకాల మిఠాయి. బాగా వండే మనిషిని ముందే మాట్లాడుకోండి, ఎందుకంటే మాంసం లేని విందులో ఉప్పు కాస్త తగ్గినా అందరూ గమనిస్తారు. తమ్ముళ్లు, బావలు మర్నాడు వేరే దావత్ పెట్టుకుంటామంటే కాదనకండి. యాటకు డబ్బులు వాళ్లే వేసుకుంటారు, పచ్చిపులుసు మీరు చేసుకుని వెళ్లండి.